అవతలివాళ్ళ మాట

ఆ లాండ్రీలో పెద్దకూతురు మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. ఎవరైనా బట్టలు తెస్తే తలూపి తీసుకునేది. ఎప్పటికిస్తారని అడిగితే వేళ్ళు చూపించేది. ఎదురుగా చెప్పులు బాగుచేసే ఆయన ఆమెకి "రేడియో" అని పేరు పెట్టాడు, ఎగతాళికే.

తల్లి చనిపోయిన ఏడాది, పదో తరగతి మధ్యలో బడి మానేసి ఇస్త్రీపెట్టె పట్టుకుంది. ఎవరూ మానమనలేదు. తండ్రి ఒంటిచేత్తో అంత పని లాక్కురాలేకపోతుంటే చూస్తూ కూర్చోలేకపోయింది. ముందు కాలర్, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వెన్ను. చేతులకి పని అలవాటైపోయాక చెవులు ఖాళీగా మిగిలాయి.

ఆ చెవుల్ని నింపింది చిన్నది. బడి చివరి రెండేళ్ళకి చెల్లెలు మతాలు, తత్వం, నీతి కలిసిన సబ్జెక్టు తీసుకుంది. సాయంత్రాలు లాండ్రీ వెనకగదిలో, వేలాడే కోట్ల మధ్య స్టూలు వేసుకుని పాఠం పైకి చదివేది. అబద్ధం ఎప్పుడైనా న్యాయమవుతుందా? మనిషికి మంచితనం ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్క ఇస్త్రీ చేస్తూ వినేది. ఆవిరి చప్పుడుకి ఒక మాట పోతే పెట్టె పక్కన నిలబెట్టి, "మళ్ళీ చదువు," అనేది. ఒక్కోరోజు ఆమె నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే.

ఆ క్లాసు టీచరమ్మకి ఒక పద్ధతి ఉంది. వాదనలో ముందు అవతలివాళ్ళ మాట నువ్వు చెప్పాలి. "అవును, నేనన్నది అదే," అని వాళ్ళు ఒప్పుకున్నాకే నీ మాట. పైగా ఎవరు దేన్ని నమ్ముతారో, వాళ్ళు దానికి ఎదురు పక్షం వాదించాలి.

ఆ పద్ధతే కొంప ముంచింది. చిన్నదానికి దేవుడి మీద నమ్మకం, కాబట్టి లేడని వాదించే వంతు వచ్చింది. ఆ సాయంత్రం కోట్ల మధ్య నిలబడి గొంతు పెంచి సాధన చేస్తోంది. "ప్రార్థన వినేవాళ్ళు ఎవరూ లేరు. మనతో మనమే మాట్లాడుకుని, ఎవరో విన్నారనుకుంటాం."

సరిగ్గా అప్పుడే తండ్రి బట్టల మూటతో లోపలికి వచ్చాడు. రోజూ పొద్దున్నే మొదటి బట్ట ముట్టుకునే ముందు కళ్ళు మూసుకుని కాసేపు నిలబడే మనిషి ఆయన. మూట కింద పెట్టాడు.

"రేపు మీ బడికొస్తా. ఈ సబ్జెక్టు తీసేసి లెక్కలు పెట్టమంటా."

"నాన్నా, ఇది హోంవర్కు. నాకిచ్చిన పక్షం ఇది," అంది చిన్నది.

"విషం తాగమని హోంవర్కిస్తే తాగుతావా?"

"నువ్వసలు వినట్లేదు."

"విన్నాకేగా చెబుతున్నా. పోనీ, ఇది ఎప్పటికీ నీ మాట కాదని చెప్పు. ఊరుకుంటా."

చిన్నదానికి అబద్ధం చేతకాదు. "ఏమో నాన్నా. చదివితే కదా తెలిసేది."

"విన్నావా?" అన్నాడు తండ్రి పెద్దదాని వైపు తిరిగి.

ఆ పుస్తకాలు పోతే పోయేది చెల్లెలి చదువొక్కటే కాదు. కానీ ఎప్పుడో బడి మానేసిన మనిషి, నా చదువు పోతోందని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

పెట్టె పక్కన నిలబెట్టింది. "తప్పు నీదేనే. నాన్న మాట నువ్వు ముందు చెప్పలేదు."

"ఏముంది చెప్పడానికి? నేను చెడిపోతున్నానంటాడు, అంతేగా," అంది చిన్నది.

"అది కాదు." పెద్దది ఇస్త్రీబల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "నాన్న అనేది ఇదీ. పొద్దున్నే కళ్ళు మూసుకుని మీ అమ్మని ఒకరికి అప్పజెబుతాను. జాగ్రత్తగా చూసుకోమంటాను. అక్కడ ఎవరూ లేరని నా కూతురే అంటే, మరి మీ అమ్మ ఎక్కడున్నట్టు?" తండ్రి వైపు చూసింది. "సరిగ్గా చెప్పానా నాన్నా?"

ఆయన మూట ముడి విప్పాడు, మళ్ళీ కట్టాడు.

"జాగ్రత్తగా చూసుకోమనను," అన్నాడు చివరికి. "దానికి చలి పడదు, గుర్తుపెట్టుకో అంటాను."

చిన్నది వచ్చి ఆయన పక్కన నిలబడింది. "నాకు తెలీదు నాన్నా."

"ఎప్పుడైనా అడిగావా?"

"ఇప్పుడు నీ వంతు," అంది పెద్దది తండ్రితో. "దాని మాట నువ్వు చెప్పాలి."

"నాకెక్కడొస్తుందే ఇదంతా," అంటూనే మొదలుపెట్టాడు. "ఇదేమంటుందంటే, మా నాన్న వట్టి మొద్దు..."

"అనలేదు," అంది చిన్నది.

"దేవుడు లేడు..."

"అదీ అనలేదు."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "అన్నీ అడిగి చూస్తాను. అడక్కుండా నమ్మితే అది నాన్న నమ్మకమే గానీ నాది కాదు. అంతేనా?"

"అంతే నాన్నా," అంది చిన్నది.

"మొండిఘటం," అని గొణిగాడు. బడికి వెళ్ళే మాట మళ్ళీ ఎత్తలేదు. పెద్దదాని వైపు చూసి నవ్వాడు. "ఏడాదికి సరిపడా మాటలు ఒక్క పూటలో ఖర్చుపెట్టేశావు కదే. చెల్లెలి చదువు ఆగకూడదని, అంతేగా?"

తలూపితే సరిపోయేది. ఎన్నేళ్ళుగానో అలాగే సరిపెట్టుకొచ్చింది.

"అంతే కాదు నాన్నా," అంది. "ఆ పాఠాలు నేనూ వింటున్నాను. నాకూ కావాలి."

"మా పెద్దదానికి కూడా..." అని ఆ మాట తిరిగి చెప్పబోయి, పూర్తి చెయ్యలేకపోయాడు. ఆమె చేతి కింద నుంచి సగం ఇస్త్రీ అయిన చొక్కా తన వైపు లాక్కున్నాడు. కాలితో స్టూలుని ఆమె దగ్గరికి తోశాడు.

"కూర్చో," అన్నాడు. "నిలబడి చదువుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?"