ఆర్డిత్ బెకర్ మీద కిడ్నాప్ కేసు

ఆర్డిత్ బెకర్ ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం దక్షిణ భాగంలో, మొక్కజొన్న చేలకీ పందుల కొట్టాలకీ మధ్య మెలికలు తిరిగే కంకర రోడ్ల మీద, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. అన్నేళ్ళలో ఒకసారి మంచులో జారి బస్సు కాలవలో దిగబడింది, ఒకసారి జింకని గుద్దింది. అంతకుమించి ఆమె పేరు ఎవరి నోటా పడలేదు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. పక్క పొలంలో పందులు పెంచుకునే తమ్ముడు మెర్ల్ ఒక్కడే దగ్గరివాడు. మాటకారి కాదు గాని, బస్సెక్కిన పిల్లలందర్నీ పేరు పెట్టి పలకరించేది.

అలాంటి మనిషికి అరవై రెండో ఏట, అక్టోబరు నెలలో ఒక బుధవారం, కౌంటీ పోలీసు, షెరీఫు మనిషి, ఆమె వంటింట్లోనే బేడీలు వేశాడు.

ఆ రోజు చివరి స్టాపులో దిగాల్సింది పైపర్ అనే ఏడేళ్ళ పిల్ల. తల్లి కెండ్రా ముసలివాళ్ళ ఆశ్రమంలో పనికి పోతుంది. మూడు వారాలుగా ఆ ఇంటి అరుగు మీద ట్రాయ్ అనే మనిషి కనిపిస్తున్నాడు. కెండ్రాతో ఉంటున్నాడని ఊళ్ళో అనుకుంటున్నారు. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. పిల్ల లేవలేదు. ముందు సీటు కమ్మీ రెండు చేతులా పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా ఏడుస్తోంది.

"మిస్ ఆర్డిత్, ఇవాళ నన్నిక్కడ దింపకండి," అంది.

ఎందుకని అడిగితే చెప్పలేదు. ట్రాయ్ అరుగు దిగి, చెయ్యి ఊపుతూ బస్సు వైపు నడిచి వస్తున్నాడు. కోపంగా ఉన్నాడా, మామూలుగా ఉన్నాడా అని తర్వాత ఎంతమంది అడిగినా ఆర్డిత్ చెప్పలేకపోయింది. నడిచి వస్తున్నాడు, అంతే. ఆమె తలుపు మూసేసింది. బ్రేకు వదిలింది. ఏడు మైళ్ళు పోయి బస్సుని సొంత వాకిట్లో ఆపాకగాని తనేం చేసిందో తనకి అందలేదు.

డిపోతో మాట్లాడే రేడియో చేతికందే దూరంలోనే ఉంది. పిల్ల దిగనంటే డిపోకి చెప్పి, స్కూలుకి వెనక్కి తీసుకుపోవాలన్నది రూలు. ఆ రూలుని కొత్త డ్రైవర్లకి ఆమే నేర్పింది. ఆ వేళ మాత్రం రేడియో ఒకటుందన్న సంగతే తోచలేదు. పిల్లకి టమాటా సూపు వేడి చేసింది, రొట్టె మధ్య చీజు పెట్టి పెనం మీద కాల్చింది. పైపర్ తిని, పెరట్లో మేకల దగ్గర ఆడుకుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో తేల్చుకోలేక ఆర్డిత్ గంటా ఇరవై నిమిషాలు కూర్చుంది. చివరికి షెరీఫు ఆఫీసుకి చేసేసరికి, అప్పటికే కౌంటీ అంతా ఆ బస్సు కోసం గాలిస్తోంది.

మర్నాడు పొద్దున కోర్టులో జడ్జి కాగితం చదివింది. పద్నాలుగేళ్ళ లోపు బిడ్డని కిడ్నాప్ చేసిన నేరం, ఆరేళ్ళ దాకా జైలు పడే ఐదో స్థాయి. అర్థమైందా అని అడిగింది. ఆర్డిత్ లేచి నిలబడి, "పిల్లని తీసుకెళ్ళిన మాట నిజమేనండీ," అనబోయింది.

"ఇప్పుడేమీ చెప్పకండమ్మా," అని జడ్జి ఆపేసింది. "నేరం చెయ్యలేదని మీ తరఫున కోర్టే రాసుకుంటుంది. ఇవాళ జరగాల్సింది అంతవరకే."

తను అనని మాట కోర్టే రాసుకోవడమేమిటో ఆమెకి అంతుపట్టలేదు. పూచీకత్తు అక్కర్లేదని ఇంటికి పంపారు. స్కూలు ఛాయలకి పోకూడదు, పైపర్‌తో గాని తల్లితో గాని ఒక్క మాట మాట్లాడకూడదు అని మాత్రం ఆంక్ష పెట్టారు.

కోర్టు ఇచ్చిన లాయరు డెవిన్ స్ట్రౌడ్‌కి ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. చంకలో ఎప్పుడూ నాలుగు వేరే కేసుల ఫైళ్ళు ఉండేవి. ఈ కౌంటీలో కిడ్నాప్ కేసు జ్యూరీ దాకా పోవడం చాలా అరుదని అతను చెప్పాడు. మొదట నేరానికి పెద్ద పేరు పెడతారట. తర్వాత రెండు వైపులవాళ్ళూ కూర్చుని మాట్లాడుకుని చిన్న పేరు దగ్గర ఆగుతారట.

"చేసింది ఒకటే కదా, పేరెలా మారుతుంది?" అని ఆర్డిత్ అడిగింది.

స్ట్రౌడ్ చెప్పడానికి ప్రయత్నించాడు. దురుద్దేశం, నిర్బంధం, అనుమతి అంటూ పసుప్పచ్చ కాగితం మీద మూడు గీతలు గీశాడు. ఆమె తలూపింది. కారెక్కేసరికి ఒక్క ముక్కా గుర్తు లేదు.

ఊరు రెండుగా చీలింది. హోటల్లో ఆమె పేరు మీద ఎవరో కేకు ముక్క తెప్పించి పెట్టేవారు. చర్చిలో మరెవరో పక్క బల్లకి జరిగిపోయేవారు. రెండూ ఆమెకి ఒకేలా ఇబ్బందిగా ఉండేవి. మెర్ల్ మాత్రం రోజూ వచ్చి, కాఫీ తాగుతూ ఆటపట్టించేవాడు. "పిల్లని ఎత్తుకుపోయేవాళ్ళు ఎవరైనా అంత బస్సుని వాకిట్లో నిలబెట్టుకుంటారా అక్కా? ఆ పని కూడా నీకు సరిగ్గా రాలేదు." ఆమె నవ్వేది. అతను వెళ్ళాక, ఆ పని అన్నాడే, అంటే వీడు కూడా అదే అనుకుంటున్నాడా అని కూర్చుని ఆలోచించేది.

నవంబరులో అసలు దెబ్బ తగిలింది. పిల్లల సంక్షేమ శాఖ మనిషి పైపర్‌తో రెండుసార్లు మాట్లాడింది. ఒంటి మీద గాయాల్లేవు, ఇంట్లో తప్పేమీ కనపడలేదు. ట్రాయ్ అంటే భయమా అని అడిగితే కాదందట. మరి బస్సెందుకు దిగలేదంటే, మిస్ ఆర్డిత్ మేకల్ని చూడాలనిపించింది అందట.

స్ట్రౌడ్ ఇది మెల్లిగానే చెప్పాడు. ఆర్డిత్ అదే మాట రెండోసారి చెప్పించుకుంది. మేకల గురించి పిల్లలకి చెప్పేది తనే. అయితే ఆ ఏడుపు? అన్నేళ్ళుగా పిల్లల ఏడుపులు విన్న చెవులు తనవి. మోకాలు చెక్కుకుపోతే ఒక రకంగా ఏడుస్తారు, బొమ్మ పోతే ఇంకో రకంగా ఏడుస్తారు. మేకల కోసం అలా ఏడుస్తారా? పిల్ల అప్పుడు నిజం చెప్పిందా, ఇప్పుడు చెబుతోందా? లేక తనకి వినపడిందే తప్పా? ఆ వారమంతా అన్నం ముందు కూర్చుని స్పూను తిప్పడమే అయింది.

డిసెంబరులో వాయిదా ఉన్న రోజు, పదిన్నరకి, ఆమె కోర్టు రెండో అంతస్తులో ఆడవాళ్ళ గదికి వెళ్ళి చేతులు కడుక్కుంటోంది. వెనక తలుపు తెరుచుకుని కెండ్రా లోపలికొచ్చింది. ఆశ్రమం యూనిఫారంలోనే ఉంది. ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు. మాట్లాడకూడదన్న ఆంక్ష ఆర్డిత్‌కి గుర్తొచ్చింది. తుడుచుకునే కాగితం కూడా తీసుకోకుండా తడి చేతులతోనే బయటికి పోబోయింది.

"ఒక్కటే అడుగుతాను," అంది కెండ్రా, దారికి అడ్డం రాకుండా గోడకి ఆనుకుని. "మీరేం మాట్లాడొద్దు. ఆ రోజు నా పిల్ల నిజంగా ఏడ్చిందా?"

ఆర్డిత్ తల ఊపింది. తల ఊపడం మాట్లాడినట్టో కాదో తెలియలేదు.

"పెద్దగానా?"

కాదన్నట్టు తల అడ్డంగా తిప్పింది. కెండ్రా ముఖం మారింది. ఎలా మారిందంటే ఆర్డిత్ తర్వాతా చెప్పలేకపోయింది. కెండ్రా కుళాయి తిప్పి, చేతులు కడుక్కోకుండా నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది. ఆర్డిత్ బయటికొచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే కెండ్రా ప్రాసిక్యూటర్ గదికి పోయి, ఈ కేసు తనకొద్దని చెప్పిందని స్ట్రౌడ్ అన్నాడు. మరి అయిపోయినట్టేనా అని అడిగింది ఆర్డిత్. కాదన్నాడు. కేసు కెండ్రాది కాదట, రాష్ట్రానిదట. వద్దనే హక్కు ఆమెకి లేదట. అయినా ప్రాసిక్యూటర్ కాస్త మెత్తబడ్డాడు. కిడ్నాప్ తీసేసి, అనుమతి లేకుండా ఆపి ఉంచడం అన్న దానికి దించుతాడట. ఏడాది ఒప్పందం. ఏడాదిపాటు ఏ గొడవలోనూ పడకుండా ఉండాలి, పిల్లల రక్షణ మీద క్లాసులకి పోవాలి, స్కూలు బస్సు మళ్ళీ ముట్టకూడదు. అప్పుడు అదీ కొట్టేస్తారు. కాకపోతే, అనుమతి లేకుండా బిడ్డని తీసుకుపోయానని ఇప్పుడు రాసి సంతకం పెట్టాలి.

"పెట్టకపోతే?"

"విచారణకి పోదాం. మనం గెలవచ్చు కూడా. ఈ కౌంటీలో జ్యూరీలో కూర్చునే వాళ్ళలో సగంమంది మీ బస్సెక్కి చదువుకున్నవాళ్ళే," అన్నాడు స్ట్రౌడ్. ఫైలు మూసి, "కానీ పైపర్ వచ్చి సాక్షి కుర్చీలో కూర్చోవాలి. రెండు వైపులవాళ్ళూ అడుగుతారు," అన్నాడు.

ఏమడుగుతారో ఆర్డిత్‌కి తెలుసు. ఏ రోజు చెప్పింది అబద్ధం అని అడుగుతారు. తను రాత్రింబవళ్ళు తేల్చుకోలేనిది ఏడేళ్ళ పిల్ల అంతమంది ముందు తేల్చాలి. ఆమె కలం అడిగింది. రాసిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు, ఒక్కొక్కటే వేలు పెట్టి చదువుకుంది. అన్నీ కలిపి చదివితే మాత్రం అది తనలా లేదు.

ఏడాదీ గడిపింది. క్లాసుల్లో ఒక రోజు, పిల్లలు భయాన్ని వేరే మాటల్లో చెబుతారని టీచరు చెప్పింది. ఇంకో రోజు, పెద్దవాళ్ళు తమ భయాన్ని పిల్లల మీద వేసి చూస్తారని చెప్పింది. ఆర్డిత్ రెండూ నోటు పుస్తకంలో రాసుకుంది. ఫిబ్రవరిలో కెండ్రా ఉద్యోగం మాని పిల్లని తీసుకుని ఎవన్స్‌విల్ పట్నానికి వెళ్ళిపోయింది. ట్రాయ్ వెంట వెళ్ళలేదు. ఎందుకు విడిపోయారో ఎవరికీ తెలియదు. మామూలుగా జనం విడిపోతూనే ఉంటారు కదా అన్నాడు మెర్ల్.

మళ్ళీ డిసెంబరు వచ్చాక ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది, కేసు కొట్టివేయబడిందని. ఆమె దాన్ని పట్టుకుని కోర్టు ఆఫీసుకి పోయింది. కిటికీ అవతల గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. అంతా సరిగ్గానే ఉందంది.

"అంటే నేను చెయ్యలేదని తేలినట్టా?" అని ఆర్డిత్ అడిగింది.

"అలా కాదండీ."

"చేశానని తేలినట్టా?"

"అలా కూడా కాదు. కేసు లేదు, అంతే," అంది గుమస్తా. ఆర్డిత్ వెనకున్న మనిషిని రమ్మని చెయ్యి ఊపింది.

జనవరిలో, ముసలివాళ్ళని ఆస్పత్రికి తిప్పే వ్యాను నడపడానికి ఆర్డిత్ దరఖాస్తు పెట్టింది. మీ మీద ఎప్పుడైనా కేసు పెట్టారా అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. అవునన్న గడిలో గుర్తు పెట్టింది. వివరాలు రాయమని కింద రెండు గీతలు ఇచ్చారు. అవి చాలక, కాగితం తిప్పి వెనక వైపు రాయడం మొదలుపెట్టింది.