మా అక్కను నడిపించిన డ్రిల్లు టీచరమ్మ

కల్లంలో మిరపకాయలు ఆరబోసి, తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాం. మా అమ్మ, మా అక్క, నేను, ఇద్దరు ముగ్గురు కూలి మనుషులు. మా వీధి చివర పాలమ్మే ఆవిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వస్తూ గట్టు మీద ఆగింది.

"డ్రిల్లు టీచరమ్మ చనిపోయిందంటగా, మీకు తెలవదా?" అని అరిచింది.

"నీ నోట్లో మన్ను పడ! పొద్దున్నే ఏం మాటలవి? నిన్న సాయంత్రమేగా కూరగాయల బండివాడితో పోట్లాడింది, నేను చూశాను" అన్నాను.

"నిన్న పోట్లాడితే మాత్రం? ఇవాళ నీళ్ళు తోడుతూ తోడుతూ బావి దగ్గరే కూలబడిందంట. డాక్టరు వచ్చేలోపలే అయిపోయింది తల్లీ" అంది, ఈసారి గొంతు తగ్గించి.

మా అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. కూలివాళ్ళు అయ్యో అంటే అయ్యో అనుకున్నారు. మా అక్కకి ఎంత అర్థమైందో నాకు తెలియదు. లేచి చీర దులుపుకుని మా ముఖాల వంక చూసింది.

ఆవిడ గురించి పేపర్లో ఎవరూ వెయ్యరు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు నేర్పి, రిటైరై, అద్దె ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి. మా పేటలో అందరికీ తెలిసిన మనిషే, వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇది ఆవిడని చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఏడుపు ఆపుకుని రాస్తున్నాను కనక అక్కడక్కడా కోపంగా ఉంటే ఏమీ అనుకోకండి. నాకు దుఃఖం వస్తే కోపం కూడా వస్తుంది.

ఆవిడది కొత్తపట్నం వైపు సముద్రపొడ్డు ఊరు. చిన్నప్పుడు ఇసకలో పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు గట్టిపడ్డాయనేది. మద్రాసు వెళ్ళి డ్రిల్లు ట్రైనింగు అయి మా ఊరు వచ్చింది. నేత చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, మెళ్ళో నల్లతాడుకి ఈల కట్టుకుని బజార్లో నడుస్తుంటే మిల్లుకి పత్తి తోలుకొచ్చిన బళ్ళవాళ్ళు బళ్ళు ఆపి మరీ చూసేవాళ్ళు. "ఆడమనిషికి బూట్లేందిరా నాయనా" అని ఎవడో అంటే, వెనక్కి తిరిగి "నీ ఎద్దుకి నాడాలు ఎందుకు కొట్టించావురా?" అని అడిగి మరీ కదిలేది. ఎవరింటికి వెళ్ళినా కూర్చునేది కాదు. కాఫీ ఇచ్చినా నిలబడే తాగేది. "కూర్చుంటే నాకు మాట రాదమ్మా" అనేది. మాట రాని సందర్భం నేనైతే ఒక్కటీ చూడలేదు.

ఇక మా అక్క సంగతి చెప్పాలి. పేరు కోటేశ్వరమ్మ, ఇంట్లో కోటి. నాకంటే పెద్దది. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది, అక్షరాలు రానే రాలేదు. ఒకటో తరగతిలోంచే మాన్పించేశారు. ఊళ్ళోవాళ్ళు పిచ్చిది అనేవాళ్ళు, మొద్దు అనేవాళ్ళు. మా అమ్మ చెవిన పడితే వాళ్ళ పని అయిపోయేది. మా అమ్మ మంచిదే, కానీ ఆవిడ ప్రేమ ఒక రకం ప్రేమ. అక్క పెద్దమనిషి అయ్యాక వసారాలో నులకమంచం వేసి దాని మీద కూర్చోబెట్టింది. ఇహ దాన్ని కదలనిస్తే ఒట్టు. నీళ్ళు తెచ్చిచ్చేది, అన్నం కలిపి పెట్టేది, స్నానం చేయించేది. మధ్యాహ్నం నువ్వులుండలు, సాయంత్రం జంతికలు. ఎవరన్నా ఏమన్నా అంటే "దానికి చదువా, పెళ్ళా, పిల్లలా? ఈ కాస్త తిండి సుఖమన్నా ఉండనీండి" అని కళ్ళు తుడుచుకునేది. ఎవరేం మాట్లాడతారు చెప్పండి?

పదిహేనేళ్ళు వచ్చేసరికి మా అక్క వసారాలోంచి పెరట్లోకి వెళ్ళాలంటే మధ్యలో గోడ పట్టుకుని ఆగేది. ఎగశ్వాస. పాదాలు పొంగిపోయేవి. వంగలేదు, మఠం వేసుకుని కూర్చోలేదు. గుంటూరు తీసుకెళ్తే డాక్టరు గారు టానిక్కు రాసిచ్చి, ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా అన్నారు. ఆ మాట పట్టుకుని మా అమ్మ నువ్వులుండలు ఇంకో రెండు ఎక్కువ చేసింది.

అలాంటి రోజుల్లో టీచరు గారు మా ఇంటికి కొట్టించిన కారం కొనుక్కోవడానికి వచ్చింది. మా అమ్మ లోపల కారం కొలుస్తుంటే ఆవిడ వసారాలో నిలబడి మంచం వైపు చూసింది.

"ఈ అమ్మాయి బడికి రాదా?"

"దానికి చదువు రాదండి" అంది మా అమ్మ, ఎప్పుడూ చెప్పే మాటే.

"చదువు రాకపోతే పోనివ్వండి. కాళ్ళున్నాయిగా?"

మా అమ్మ గిద్ద పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఈడొచ్చిన పిల్లండి. నలుగుర్లోకి తీసుకెళ్తే నవ్వుతారు. దాని మానాన దాన్ని కూర్చోనీండి టీచరు గారూ."

"అమ్మా, నేను మెత్తగా మాట్లాడలేను, ఏమనుకోవద్దు. ఇంకో రెండేళ్ళు ఇలాగే కూర్చోబెట్టారంటే ఈ పిల్ల మంచంలోంచి లేవదు. అప్పుడు మీరు ఎత్తలేరు. బడి వదిలాక పంపండి. గేటు నేను వేస్తాను, ఎవరూ చూడరు."

మా నాన్న అప్పుడే బండి తోలుకుని వచ్చి ఇదంతా వీధిలోంచి వింటున్నాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. "పంపవే. మంచం మీద ఉండి ఏం బావుకుంది?" అన్నాడు. మా అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

నేను ఆ బళ్ళోనే చదువుతున్నాను కనక అక్కని తీసుకెళ్ళే పని నాది. మొదట్లో గేటు లోపలికి రావడమే డ్రిల్లు. వచ్చి చదును నేల మీద చతికిలబడేది. టీచరు గారు తిట్టలేదు, బతిమాలలేదు. "ఆ గోడ దాకా వెళ్ళొద్దాం కోటమ్మా, రా" అని చెయ్యి పట్టుకునేది. గోడ దాకా వెళ్ళడం, ఆయాసం తగ్గేదాకా నిలబడడం, మళ్ళీ రావడం. కొన్నాళ్ళకి సాయంత్రం డ్రిల్లు చేసే మా వరసలో చివర నిలబెట్టింది. అక్కడే చిక్కొచ్చింది. మా అక్కకి కుడి ఎడమ తెలియదు. లెఫ్ట్ టర్న్ అంటే అందరం ఒకవైపు, తను ఒకవైపు. పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళ చేత గుంజీలు తీయించేది టీచరు గారు.

"తినే చెయ్యి వైపు తిరుగు కోటమ్మా" అని చెప్పి చూసింది. మా అక్క రెండు చేతులూ చాపింది. అబద్ధమెందుకు, తను రెండు చేతులతోనూ తినేది. ఆ రోజు టీచరు గారు కూడా నవ్వాపుకోలేకపోయింది. అక్క కూడా నవ్వింది.

ఒక ఆదివారం ఆవిడ మా వీధిన వెళ్తుంటే మా నాన్న బండి కడుతున్నాడు. మా అక్కకి చిన్నప్పట్నుంచి మా నాన్న బండంటే ప్రాణం. "ఎలపటిదాని పలుపు అందుకోమ్మా" అన్నాడు నాన్న. అక్క తడుముకోకుండా కుడివైపు ఎద్దు దగ్గరికి వెళ్ళింది. "ఇప్పుడు దాపటిది" అన్నాడు. ఎడమవైపు ఎద్దు దగ్గరికి వెళ్ళింది. టీచరు గారు వీధిలో నిలబడిపోయి, "మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి" అని మా నాన్నని విసిగించి నాలుగైదు సార్లు చెప్పించుకుంది. మా నాన్న సిగ్గుపడిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఈల ఊది, గొంతెత్తి "దాపట తిరుగ్!" అంది. రైతుల పిల్లలం అందరం గభాల్న ఎడమకి తిరిగాం. మా అక్కా తిరిగింది. "ఎలపట తిరుగ్!" మళ్ళీ తిరిగింది. బజార్లో బట్టల కొట్టాయన కూతురు మాత్రం ఎటు తిరగాలో తెలియక మా అక్కని చూసి తిరిగింది. అబ్బ, ఆ రోజు మా అక్క ముఖం మీరు చూడాల్సింది. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా "దాపట, ఎలపట" అనుకుంటూ చేతులూపుకుంటూ నడిచింది. ఎక్కడా ఆగుదామనలేదు.

అలా నెలలు గడిచాయి. ఆయాసం తగ్గింది. చలికాలం వచ్చేసరికి పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర తనంతట తను వంగి కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టింది. మా అమ్మ గుమ్మంలోంచి చూసింది.

అంతా బాగుంది అనుకుంటుండగా మా పక్కింటి పెద్దమ్మకి నోరు ఊరుకోలేదు. "ఏమ్మా, నీ కూతుర్ని ఎద్దుని తోలినట్టు తోలుతోందంటగా ఆ బూట్లావిడ? దాపట ఎలపట అంటోందంట!" అని మా అమ్మకి మోసింది. మా అమ్మ చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలేసి, జుట్టు కూడా ముడేసుకోకుండా బడికి వచ్చింది. డ్రిల్లు మధ్యలోకి నడిచి వచ్చి, "నా పిల్ల మీ కంటికి గొడ్డులా కనపడుతోందా టీచరు గారూ? తెలివి లేకపోతే మనిషి కాదా?" అంది. అంతమందిలో అంది. టీచరు గారి ముఖం ఎర్రబడింది. మా అమ్మ అక్క రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

మర్నాడు ఆవిడే వచ్చింది. వసారాలో నిలబడి, "ఆ మాట మీకు ముల్లులా గుచ్చుకుంటుందని నాకు తట్టలేదమ్మా. తట్టి ఉండాల్సింది. మాట మార్చేస్తాను. పిల్లని మాత్రం ఆపొద్దు" అంది. మా అమ్మ తలుపు చాటు నుంచి బయటికి రాలేదు. మా నాన్న చెప్పి చూశాడు, నేను ఏడ్చి చూశాను. పట్టుదలకి మా అమ్మ పెట్టింది పేరు. మళ్ళీ నులకమంచం, మళ్ళీ నువ్వులుండలు. సాయంత్రం బడిగంట వినపడగానే అక్క వీధి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేది. కొన్నాళ్ళకి అదీ మానేసింది.

మిరపకోతలు అయిపోయి, బస్తాలు గుంటూరు యార్డుకి తోలే రోజులు వచ్చాయి. ఒక పొద్దున అక్క తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కోవాలని వంగబోయింది. వంగలేకపోయింది. గోడ పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. చెంబు చేతిలోంచి జారిపోయింది. చెంబు వంక చూసి, కాళ్ళ వంక చూసి, "అమ్మా, రావట్లేదు" అంది. మా అమ్మ వెళ్ళి కింద కూర్చుని దాని పాదాలు కడిగింది. కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. ఆ పాదాలు మళ్ళీ పొంగాయి. మా అమ్మ ఆ తడినేల మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "నేనే చేశాను, నా చేతుల్తో నేనే చేశాను" అంది. అక్కకి ఎందుకో అర్థంకాక మా అమ్మ తల నిమురుతూ నిలబడింది.

ఆ సాయంత్రం అక్కని బడికి నేను తీసుకెళ్ళలేదు. మా అమ్మే తీసుకెళ్ళింది. గేటు దగ్గర ఆగి, "టీచరు గారూ, మీకిష్టమొచ్చిన మాటతో తిప్పండి. తిప్పడం మాత్రం ఆపకండి" అంది. ఇంకొకరైతే నాలుగు మాటలు దెప్పేవాళ్ళు. టీచరు గారు "చెప్పులు అక్కడ విడిచి మీరు కూడా రండి, మీ మోకాళ్ళు ఏమంత బాగున్నాయని?" అంది. మా అమ్మ ఏడుపులో నవ్వింది.

తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. దూదేకుల వాళ్ళ పిల్లని వాళ్ళ నాయనమ్మ కొంగు చాటున పెట్టి తీసుకొచ్చింది. చీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ మగ్గం వాళ్ళ పిల్ల వచ్చింది. మా అక్కలాంటి పిల్లలు మా ఊళ్ళో ఇంతమంది వెనకగదుల్లో ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. టీచరు గారు వాళ్ళచేత కోలాటం ఆడించింది, తాడాట ఆడించింది, రింగు విసిరించింది. వార్షికోత్సవంలో వీళ్ళని స్టేజీ ఎక్కిద్దామని ఎవరో పెద్దమనిషి అంటే ఒప్పుకోలేదు. "వీళ్ళు చెమట పట్టించుకునేది వాళ్ళ ఒంటి కోసమండి, మన చప్పట్ల కోసం కాదు" అంది. రిటైరయ్యాక కూడా సాయంత్రం ఈ పిల్లల్ని వెంటేసుకుని ఊరి బయట పత్తి చేల దాకా నడిచి వచ్చేది. ముందు ఆవిడ, వెనక మా అక్క, ఆ వెనక మిగతావాళ్ళు. ఎవరన్నా చూసి నవ్వితే ఆగి మరీ కడిగేసేది. ఆ నోటికి భయపడి నవ్వులు ఆగిపోయాయి. ఆ నోటికి నేను దణ్ణం పెడతాను.

టీచరు గారు పోయిన రోజు మధ్యాహ్నానికి ఆవిడ తమ్ముడు కొత్తపట్నం వైపు నుంచి వచ్చాడు. పాడె లేచింది. మా వైపు ఆడవాళ్ళం వీధి మొగదాకా వెళ్ళి ఆగిపోతాం, ఆ పైన మగవాళ్ళే వెళ్తారు. అందరం ఆగాం. మా అక్క ఆగలేదు. పాడె వెనకాలే నడుస్తోంది.

"ఆ పిల్లని పట్టుకోండమ్మా! ఆడవాళ్ళు రాకూడదు" అని ఎవరో పెద్దాయన వెనక్కి తిరిగి కేకేశాడు. నేను పరిగెత్తబోయాను. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దాన్ని ఆపకండి బాబూ!" అని అరిచింది మా అమ్మ, వీధి వీధంతా వినేటట్టు. "ఆవిడ వెనకాల నడవడం దానికలవాటు. నడవనీండి."

పెద్దాయన ఏదో అనబోయాడు. టీచరు గారి తమ్ముడు అగ్గికుండ పట్టుకుని ముందు నడుస్తున్నవాడు ఆగి, మా అక్క వంక చూసి, తల ఊపి ముందుకు సాగాడు. ఎండ మాడ్చేస్తోంది. మిల్లు పక్క రోడ్డు మీద మగవాళ్ళందరి మధ్యా మా అక్క ఒక్కతే, కొంగు నడుముకి బిగించి, రెండు చేతులూ ఊపుకుంటూ, ఆయాసం లేకుండా నడుస్తోంది. మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.