వెనక నిలబడ్డ గొంతు

అక్షర తన వదినను ఒక్కసారి కూడా చూడలేదు. ఇద్దరికీ పడక కాదు, వేరే ఇళ్లలో ఉండీ కాదు. అక్షర చూపు పోతున్న రోజుల్లోనే అన్న శ్రీధర్‌కు పెళ్లయింది. పెళ్లిపందిట్లో దీపాల వెలుగు మసకమసకగా తెలిసింది గాని పెళ్లికూతురి మొహం తెలియలేదు. తరవాత ఆ వెలుగు కూడా పోయింది. అందుకని అక్షరకు విమల అంటే మొదటి నుంచీ ఒక గొంతు, అంతే. ఆ గొంతు సామాన్యమైంది కాదు మరి! పటాన్‌చెరు బజార్లో వాళ్ల కిరాణా కొట్టు గల్లా ముందు కూర్చుని, "ఓ సంగయ్యా, సంచి మర్సి పోతున్నవ్!" అని ఒక్క కేక వేసిందంటే, రోడ్డు మీద లారీల మోతను దాటుకుని వెళ్లి బస్సెక్కబోతున్న సంగయ్యను వెనక్కి లాక్కొచ్చేది.

ఆ ఇంట్లో అందరికీ అక్షర అంటే ప్రాణం. చిక్కంతా అక్కడే వచ్చింది. లేస్తే ఒకరు చెయ్యి పట్టుకునేవారు, నడిస్తే ఇంకొకరు పట్టుకునేవారు. పాతికేళ్లు దాటిన మనిషి, తన ఇంట్లో తను మంచినీళ్లకు లేచినా "ఆగాగు, నేనిస్త" అంటూ ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు. ప్రేమగా చేసేవాళ్లను ఏమని కసురుకుంటాం? అక్షర నోరు మూసుకుని చెయ్యి ఇచ్చేది. లోపల మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేని చోటు ఒక్కటే, కొట్టు వెనక గది. పప్పులూ చక్కెరా కిలో ప్యాకెట్లు కట్టడం ఆమె పని. కట్టినదాన్ని కట్టినట్టే, కూర్చున్నచోటి నుంచి మూలనున్న గంపలోకి విసిరేసేది. ఒకరోజు కందిపప్పుకని వచ్చిన చలపతిరావు గారు ఆ విసురుడు చూసి, పప్పు సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయారు. ఆయనది గుంటూరు వైపు. కుర్రతనంలో డిస్కస్ విసిరి, ఆటల కోటాలో ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం సంపాదించి, రిటైరై ఇక్కడే ఉండిపోయిన మనిషి. మర్నాడు పాత డిస్కస్ ఒకటి తీసుకొచ్చి అక్షర చేతిలో పెట్టారు.

ఇనుప అంచున్న గుండ్రటి చెక్కబిళ్ల. అక్షర దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకుని, "కిలో ఉంటది గద సార్?" అంది.

"ఆడవాళ్ల డిస్కస్ కిలోయేనమ్మా. చూపు లేనివాళ్లకు వేరే పోటీలున్నాయి. దిక్కు తెలిసేలా పిలవడానికి ఒక మనిషి తోడుంటే చాలు."

శ్రీధర్ ససేమిరా అన్నాడు. "వద్దు సార్. దానికేమన్న దెబ్బ తాకితే ఎట్ల?"

"ఇసిరేటిది అదేనాయె. తాకితే మనకు తాకాలె" అంది విమల గల్లా దగ్గర నుంచి. "పిలిసేటందుకు నేను పోత. ఎట్లయినా పొద్దందాక ఒర్లుకుంటనే ఉంట గద."

అలా మొదలైంది. లక్డారం వెళ్లే దారిలో ఒక ఖాళీ మైదానం ఉంది. దాని ఎడమ పక్క గోడకు అవతల మందుల ఫ్యాక్టరీ. పొద్దున్నే విమల స్కూటీ మీద అక్షరను అక్కడికి తీసుకెళ్లేది. చలపతిరావు గారు ముగ్గుపిండితో గుండ్రం గీసి అక్షరను అందులో నిలబెట్టేవారు. విమల మైదానం అవతలి కొసకు వెళ్లి, "అక్షరా... ఇటూ... ఇటూ!" అని పిలిచేది. అక్షర నడుం తిప్పి, చెయ్యి సాచి విసిరేది. బిళ్ల ధబ్బుమని పడగానే విమల చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్ల వైపు అక్షర చిన్నపిల్లలా ఎదురు పరుగెత్తేది. "గుండ్రం ముందు నుంచి దిగకూడదమ్మా, వెనక నుంచి దిగాలి. పోటీలో అయితే విసిరింది లెక్కలోకి రాదు" అని సార్ చెబుతూనే ఉన్నారు. ఎవరు విన్నారు గనక!

ఆ గుండ్రంలో ఎంత సుఖముందో అక్షర ఎవరికీ చెప్పలేదు. విసిరేటప్పుడు ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోకూడదు. అది రూలు. తన చెయ్యి తనకే వదిలేసిన చోటు ప్రపంచంలో అదొక్కటే అనిపించేది. ఇంటికొచ్చి రాత్రి పడుకున్నా కుడిచెయ్యి తియ్యగా నొప్పి పెడుతుంటే నవ్వుకునేది.

ఏడాది తిరిగేసరికి ఆమె విసురు బాణంలా సూటిగా పోసాగింది. హైదరాబాద్‌లో రాష్ట్రం పోటీలు దగ్గరపడ్డాయి. అక్కడ మొదటి ఇద్దరిలో ఉంటే జాతీయ పోటీలకు పంపుతారు. "నీ దూరానికి ఢోకా లేదు. మూడు విసుర్లలో ఒక్కటి గీతల మధ్య పడితే చాలు, నువ్వు వెళ్లినట్టే" అన్నారు సార్. శ్రీధర్ మాత్రం పెళ్లానికి ముందే చెప్పేశాడు, అక్కడ ఎంపిక కాకపోతే ఈ ఆట ఇక చాలించాలని. ఆ మాట గోడ అవతల ఉన్న అక్షర చెవిన పడింది. ఎంపిక కాకపోతే గుండ్రం పోతుంది, మళ్లీ అందరి చేతులూ వచ్చి పట్టుకుంటాయి. ఆ దిగులు ఆమెను నిద్రపోనివ్వలేదు.

సరిగ్గా ఆ వారమే మందుల ఫ్యాక్టరీకి షట్‌డౌన్ ఇచ్చారు. ఏటా మిషన్లు ఆపి మరమ్మతులు చేసుకుంటారు. ఆ పొద్దున అక్షర గుండ్రంలో నిలబడగానే ఏదో వెలితిగా అనిపించింది. విమల ఎప్పటిలాగే పిలిచింది. అక్షర విసిరింది. బిళ్ల వెళ్లి చలపతిరావు గారి స్కూటర్‌ను కొట్టింది. రెండోది గోడకు తగిలింది. మూడోసారి అక్షర చెయ్యి ఎత్తింది గాని విసరలేకపోయింది. ఎటు తిరిగి నిలబడిందో ఆమెకే తెలియలేదు.

"ఏందే, ఏమాయె? పానం మంచిగ లేదా?" అంటూ విమల పరుగెత్తుకొచ్చింది.

"వదినా, ఇయ్యాల ఫ్యాక్టరీ చప్పుడు లేదు" అంది అక్షర.

అనేసి, తను ఏమందో అప్పుడు అర్థమై నాలుక కరుచుకుంది. గోడ అవతల రాత్రింబవళ్లు గుయ్‌మని మోగే గాలిమిషను, బ్లోయర్ ఒకటుండేది. ఇన్నాళ్లూ ఆ మోతను ఎడమ చెవికి ఆనించుకుని ఆమె విసురుతోంది. వదిన గొంతును పట్టుకుని కానే కాదు.

విమలకు తల కొట్టేసినట్టయింది. "అంటే నేను ఏడాది సంది గొంతు సించుకున్నది ఉత్తగనేనా? గా మిషన్ పాటి సెయ్యనైతినా నేను?"

"గట్ల గాదు వదినా..."

"ఎట్లయితేంది! నడువ్, ఇంటికి పోదం."

ఆ రోజంతా విమల నోరు మెదపలేదు. ఆ ఇంట్లో విమల మాట్లాడకపోవడమంటే అది కూడా ఒక షట్‌డౌనే. కొట్టుకొచ్చినవాళ్లు "అమ్మకు జరమొచ్చిందా?" అని అడిగి వెళ్లారు. అక్షరకు అన్నం సహించలేదు. కోపం వస్తే కేకలేసే మనిషి ఊరకుంటే ఎంత భయమో!

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక విమలే వెనక గదిలోకి వచ్చింది. పప్పు బస్తా మీద కూర్చుంది.

"తప్పు నీది గాదే" అంది చివరికి. "నేను ఒక్కతాన నిలవడలే. నువ్వు చెయ్యెత్తంగనే నా గుండె గుభేల్‌మంటుండె. కిలో ఇనుమాయె, నెత్తి మీద పడితే? ఇటూ అని పిలుస్త, పిలుసుకుంటనే పక్కకు ఉర్కుత. దినాం గదే కథ. నీకు సెప్పుదమంటె సిగ్గనిపిచ్చె."

"నాకు ఎరుకనే" అంది అక్షర.

"ఎట్ల ఎరుక?"

"నీ గొంతు ఊగుతుండె వదినా. ఒక్కోపారి ఒక్కో దిక్కు నుంచి వస్తుండె. ఎటని ఇసరాలె? నీకు తాకుతదేమోనని నాకూ భయమే. గందుకనే ఆ చప్పుడు పట్టుకున్న."

విమల మొదట ముక్కు చీదింది. తరవాత ఫక్కున నవ్వింది. నవ్వాక మళ్లీ ఏడ్చింది. "గంత భయపడుకుంట ఏడాది సంది ఎట్ల వొచ్చినవ్ వదినా?" అని అక్షర అడిగింది. "నేను రాకపోతే నిన్నెవ్వలు తోల్కపోతరే?" అంది విమల. అక్షర తడుముకుని వదిన చెయ్యి పట్టుకుంది. తనంతట తను ఒకరి చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో!

మర్నాడు చలపతిరావు గారు సంగతంతా విని, స్కూటర్ సొట్ట నిమురుకుంటూ, "దీనికి మందు తేలికేనమ్మా" అన్నారు. "విమల గారూ, మీరు ముందు నిలబడొద్దు, వెనక నిలబడండి. పోటీలో విసిరే గుండ్రానికి వెనక వల కడతారు. ఆ వల అవతల మీరుంటారు. డిస్కస్ మీ దగ్గరకు రాదు, మీకు భయముండదు. అక్షరా, నువ్వు ఆ గొంతుకు వీపు పెట్టి విసురు."

చెప్పినంత తేలిక కాలేదు. పిలిస్తే పిలిచినవైపు పోవడమే అక్షరకు తెలుసు. పిలుపుకు వీపు చూపించడం ఒంటికి ఎక్కలేదు. పోటీలు రేపనగా కూడా సగం విసుర్లు పక్కకే పోయాయి.

హైదరాబాద్ స్టేడియంలో ముందు విమల గొడవతో మొదలైంది. చూపులేని క్రీడాకారులందరూ నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలని అధికారి అన్నాడు. కొందరికి కాస్త వెలుతురు తెలుస్తుంది కాబట్టి అందరినీ సమానం చెయ్యడానికట. "కండ్లు లేనోళ్లకు అద్దాలేంది సార్? జెర సోంచాయించుండ్రి!" అని విమల తగులుకుంది. ఆయన రూలు వివరించేసరికి పక్కనున్న పోటీదార్లంతా నవ్వారు. అక్షరకు కూడా బెరుకు కొంచెం తగ్గింది.

"సవ్యంగా పడితేనే దూరం కొలిచే టేపు లాగుతారు" అని చలపతిరావు గారు చెవిలో చెప్పారు. "విసురు చెల్లిందో లేదో చెప్పే జెండాలు నీకు కనబడవుగా. టేపు చప్పుడు వినబడితే విసురు లెక్కలోకి వచ్చినట్టు." చెప్పి, ఎదురుగా జనంలోకి వెళ్లిపోయారు.

విమల ఆమెను గుండ్రంలోకి తీసుకెళ్లి, పాదాలు సర్ది, వల వెనక్కి పోయింది. అక్కడ బ్లోయర్ లేదు. మైకు, పరుగుపందెం ఈలలు, ఎవరెవరివో అరుపులు. అక్షర విసిరింది. బిళ్ల సూటిగా వలలో పడింది. టేపు చప్పుడు లేదు.

రెండోసారి విసరగానే చెయ్యి వదిలిన తీరుకే తెలిసిపోయింది, బాగా పోయిందని. జనం చప్పట్లు కొట్టారు. అక్షరకు ప్రాణం లేచొచ్చింది. అలవాటున కాలు ముందుకు పడింది, చప్పట్ల వైపు రెండడుగులు నడిచేసింది. చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. టేపు చప్పుడు లేదు. ఏం చేసిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఇక ఒక్కటే మిగిలింది. విమల వచ్చి పాదాలు సర్దుతుంటే ఆ వేళ్లు చల్లగా తగిలాయి. తిట్టలేదు. "ఎన్కనే ఉంట. కదల" అంది, అంతే.

వల వెనక నుంచి గొంతు వచ్చింది. కేక కాదు. వంటింట్లో పొయ్యి దగ్గర నుంచి మాట్లాడినట్టు మామూలుగా, "ఈడున్న... ఈడున్న... ఈడున్న" అని. ఆ గొంతు ఊగలేదు, పక్కకు జరగలేదు. అక్షర దాన్ని రెండు భుజాల మధ్య, ఎండను ఆనించుకున్నట్టు ఆనించుకుంది. ఎదురుగా ఏముందో ఆలోచించలేదు. నడుం తిప్పి విసిరేసింది.

ధబ్బుమన్న చప్పుడు చాలా దూరంలో వినబడింది. వెంటనే చప్పట్లు, ఇందాకటికంటే జోరుగా. ఆ చప్పట్లలో చలపతిరావు గారు పెద్దమనిషినన్న సంగతి మరిచిపోయి "భలే, అమ్మాయ్! భలే!" అని అరుస్తున్నారు. అంతమంది అటు పిలుస్తుంటే అక్షర పాదం దానంతటదే లేచింది.

"ఈడున్న" అంది వెనక గొంతు.

పాదం గుండ్రంలోనే దిగింది. అక్షర చప్పట్లన్నిటికీ వీపు పెట్టి తిరిగింది. ఒక్కొక్క అడుగే తడుముకుంటూ, గొంతు ఉన్నవైపు నడిచి, గుండ్రం వెనక నుంచి బయటికొచ్చింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు. వల దగ్గర విమల కూడా చెయ్యి చాచలేదు.

దూరంగా గర్రుమని టేపు లాగుతున్న చప్పుడు. మైకులో అంకె చెప్పారు. రెండో స్థానం అన్నారు. అప్పుడు పుట్టింది విమలకు అసలు గొంతు! స్టేడియమంతా తిరిగి చూసేలా ఒక్క కేక పెట్టి, వచ్చి అక్షర మీద పడింది.

"పానం తీసినవ్ గదనే! మల్ల ముందటికి పోబోయినవ్!"

"పోలే గద వదినా."

"గంతమంది సప్పట్లు కొట్టవట్టిరి, ఎట్ల ఆగినవే?"

"నువ్వు ఎన్కున్నవ్ గద" అంది అక్షర.