పెద్దగుడి మిద్దెలో అతుకు

గిడ్డమ్మకు కోపమొస్తే ఎదురుగా మనిషి ఉండకూడదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ కోపం ఎక్కడ మొదలైందో కూడా చాలామందికి తెలుసు గానీ, తెలిసినవాళ్లే ఏమీ ఎరగనట్టు మొహం పక్కకు తిప్పుకున్నారు. మొండిదన్నారు, గయ్యాళిదన్నారు, దేవుడి గుడి మీదే అలిగిన పొగరుబోతు అన్నారు. అననీ. ముందు ఆ గుడి సంగతి వినండి, తరవాత ఎవరికి పొగరో మీరే చెబుదురు గాని.

కుందేటి గట్టున ఉన్న ఆ ఊళ్లో మొదట మట్టిగోడల ప్రార్థనమందిరం ఒకటి ఉండేది. పెద్ద కరువులో గంజి పోసి బతికించారని మాలగేరి మొత్తం మిషను దొరల దగ్గర బాప్తిస్మం తీసుకుంది. కొన్నేళ్లకు మాదిగగేరి కూడా తీసుకుంది. దేవుడు ఒక్కడే అయ్యాడు, గేరులు మాత్రం రెండుగానే ఉండిపోయాయి. ఈ బావి నీళ్లు వాళ్లు ముట్టరు, ఆ బావి దగ్గరికి వీళ్లను రానీయరు. దొరలకు తెలియదా అంటే శుభ్రంగా తెలుసు. నెమ్మదిగా అదే పోతుందిలే అనుకున్నారు. ఎక్కడికి పోతుంది?

అలా ఉండగా బిషప్పుగారి పీఠం ఉండే గుడి ఈ ఊళ్లోనే కట్టాలని తీర్మానమైంది. కెతీడ్రల్ అంటారట దాన్ని. మనవాళ్ల నోట పెద్దగుడి అయింది. ఎర్రమల కొండల్లో రాయి కొట్టి ఎడ్లబండ్ల మీద తోలారు. రెండు వరసల రాతి స్తంభాలు, వాటి మీద మొన తేలిన కమానులు లేచాయి. ఒక్కో కమానుకు కింద కొయ్య కట్టి, రెండు పక్కల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన ఆఖరి రాయి బిగించాక కొయ్య తీసేవాళ్లు. తీసిన ప్రతిసారీ జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. తూర్పున బలిపీఠం, దాని వెనక గోడలో దొరల సీమ నుంచి గడ్డిలో చుట్టుకొచ్చిన రంగుటద్దాల కిటికీ. పడమట గంటగోపురం, దాని కింద పెద్ద వాకిలి.

దొరలు గీసిన పటంలో కప్పు ఏటవాలుగా, మంగళూరు పెంకులతో ఉంది. ఈలోగా సీమలో యుద్ధం వచ్చిపడింది. రైలుపెట్టెలన్నీ సర్కారు పట్టుకుపోయింది, పెంకులు రాలేదు. గోడలు నెత్తిన ఏమీ లేకుండా రెండు వానాకాలాలు నానాయి. అప్పుడు కడప నుంచి వచ్చిన మేస్త్రీ పీర్ బాషా గుడి కట్టిస్తున్న దొరతో అన్నాడు: "దొరా, పెంకుల కోసం యాడ కూచుంటావు? మా దిక్కు మిద్దె ఏస్తాం. టేకు దూలాలు పరిచి, ఇటుక పేర్చి, మీద సున్నం కొట్టిస్తా. మీ మనవళ్లు వచ్చి చూసినా చుక్క కారదు." దొర సరేనన్నాడు.

సున్నం కొట్టడం ఆడవాళ్ల పని. గానుగలో తిప్పిన సున్నాన్ని ఇటుకముక్కలతో కలిపి పరిచి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుకుంటూ, వరసగా గొంతుక్కూచుని కొయ్యకట్టెలతో కొడుతూ జరుగుతూ పోవాలి. కట్టె ఎగిరి ఖంగుమనేదాకా రోజుల తరబడి కొట్టాలి. మాదిగగేరి వరసకు గిడ్డమ్మ పెద్ద. అప్పటికి పడుచుపిల్ల. ఏసేపును చేసుకుని ఏడాది తిరిగింది. మాలగేరి వరసకు రత్నమణి పెద్ద. ఆమె సంఘపెద్ద దావీదురాజు పెళ్లాం. రెండు వరసలూ ఒక్కచోట కూచుంటాయా? కూచోవు. బెల్లం నీళ్లకు రెండు కుండలు పెట్టారు. బలిపీఠం వైపు నుంచి రత్నమణివాళ్లు మొదలుపెట్టారు, గోపురం వైపు నుంచి గిడ్డమ్మవాళ్లు. నడుమ కలవాలి. విచిత్రం ఏమిటంటే పాటకు మాత్రం అంటు లేదు. రత్నమణి ఒక చరణం ఎత్తుకుంటే, ఈ చివర నుంచి గిడ్డమ్మ అందుకునేది. కింద బజారులో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు.

ఒక పొద్దున రెండు వరసలూ జానెడు ఎడంలోకి వచ్చి ఆగిపోయాయి. పీర్ బాషా పరుగున వచ్చాడు.

"ఏమమ్మా, ఈడిదాకా వచ్చి నిలిపినారేమి? తడిమీద తడి కలవాల. ఇద్దరూ కట్టెలు ఎయ్యండి!"

"మేస్త్రీ, వాళ్ల కుండనీళ్లు చల్లిన సున్నంలో మా ఆడోళ్లు చెయ్యి పెట్టరు," అంది రత్నమణి.

"పెట్టొద్దులేమ్మే, మేమే వచ్చి కలుపుతాం. జరుగు," అంది గిడ్డమ్మ.

"మా అంచు తొక్కినావంటే చూడు!"

గిడ్డమ్మ తొక్కింది. ముందుకు జరిగి వాళ్ల పచ్చిసున్నం మీద నాలుగు దెబ్బలు వేసింది. రత్నమణి ఆ కట్టె గుంజుకుని మిద్దె మీద నుంచి కిందికి విసిరేసింది. ఇక చూడండి, రెండు గేరుల ఆడవాళ్లూ కొప్పులు పట్టుకున్నారు. మగవాళ్లు నిచ్చెనలెక్కి వచ్చి విడదీసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది, రెండు అంచులూ ఎండిపోయాయి. పీర్ బాషా తల పట్టుకున్నాడు. ఆ జానెడు సందూ తానే తాపీతో పూడ్చాడు. "ఎండిన సున్నం పచ్చిదాన్ని పట్టదమ్మా. యా అల్లా, ఎంత మంచి పని చెడగొట్టినారు! ఇది కారతాది, రాసి పెట్టుకోండి," అని తిట్టుకుంటూనే దిగాడు. పని ముగించుకుని కడపకు పోయాడు. ఆ తరవాతి ఏటనే ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన విషజ్వరంలో ఆయనా పోయాడు.

బిషప్పుగారు వచ్చి గుడిని ప్రతిష్ఠించారు. మొదటి పెద్ద వానకే నడిమధ్యన ఈ గోడ నుంచి ఆ గోడదాకా గీత గీసినట్టు నీళ్లు కారాయి. ఆరాధన నడుస్తుండగా దావీదురాజు తల పైకెత్తి చూసి, అందరికీ వినబడేలా అన్నాడు: "వాళ్ల కొట్టుడు గదా, అట్లనే ఉంటాది." దొర ఆ మాటే నమ్మాడు. ఎందుకు నమ్మడు? చెప్పినవాడు సంఘపెద్ద. గిడ్డమ్మ చివరి వరసలోంచి లేచి, అతుకు కారుతోంది గాని మా కొట్టుడు కాదని అరిచింది. గుళ్లో ఆడది నోరెత్తకూడదని కూచోబెట్టారు. ఆమె రత్నమణి వైపు చూసింది. రత్నమణి పాటల పుస్తకంలో తల దూర్చింది.

గిడ్డమ్మ బయటికి నడిచింది. వాకిట్లో నిలబడి, "మా తప్పు కాదని ఈ గుళ్లోనే, నా మొగుడు వినేట్టు చెప్పాల. చెప్పేదాకా ఈ గడప తొక్కను," అని వచ్చేసింది. అందరూ నవ్వారు. నాలుగు వారాలైతే అదే వస్తుందన్నారు. అక్కడే పొరపాటు పడ్డారు.

కారే గీత కింద ఎవరూ కూచోరు కదా, అందుకని ఆ గీతే హద్దయింది. ముందు సగం మాలగేరికి, వెనక సగం మాదిగగేరికి. పెళ్లిళ్లయినా చావులైనా వీళ్లు గీత దాటి ముందుకు పోకూడదు. ఏటేటా తారు పూశారు, ఏటేటా కారింది. అతుకుకు రెండు పక్కలా పగలగొట్టి, ఒకే వరసలో కూచుని కొడితే తప్ప మానదని కొత్తగా వచ్చిన ప్రతి మేస్త్రీ చెప్పాడు. ఒకే వరస అనగానే పెద్దలు ఆ మేస్త్రీని మర్యాదగా సాగనంపేవాళ్లు.

గిడ్డమ్మ మాట మీదే నిలబడింది. ఆదివారాలు మెట్ల మీద కూచుని లోపలి పాటలు వినేది, తాను మాత్రం పాడేది కాదు. కూతురు కృపమణి పెళ్లి లోపల జరుగుతుంటే మెట్ల మీద నిలబడి కళ్లు తుడుచుకుంది. పిల్ల బయటికొచ్చి, "అమ్మా, నా కోసరమన్నా రాకపోతివే," అని ఏడిస్తే, కన్నకడుపు కదా, ఆ రాత్రి ముద్ద దిగలేదు. అయినా గడప తొక్కలేదు.

వీటన్నిటికంటే ఏసేపు సంగతి వేరు. మెత్తని మనిషి. చెప్పులు కుట్టుకుంటూ, ఎవరేమన్నా తల వంచుకునేవాడు. ప్రతి ఆదివారం చివరి వరసలో కూచుని, ముందు వరసల వాళ్లు పైకి చూసి మూతులు తిప్పుతుంటే భరించి వచ్చేవాడు. ఒక సాయంత్రం తడిసిన పంచె ఆరేస్తూ ఏదో తోచి అన్నాడు: "మీరు ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ ఏసుంటే పోయేది గదమ్మే."

గిడ్డమ్మ చేతిలో చట్టి కిందపడింది. ఊరంతా అన్నా ఆమెకు లెక్క లేదు. ఈయన అన్నాడే! "నువ్వు గూడా నమ్మితివా?" అంది. ఆయన గాభరాపడి ఊరికే అన్నానన్నాడు. ఊరికే అన్న మాట కాదని ఆమెకు తెలిసిపోయింది. ఆనాటి నుంచి కూడు పెట్టింది, నీళ్లు తోడింది, జ్వరమొస్తే పక్కన కూచుంది. మనసారా ఒక్క మాట మాట్లాడలేదు. గుడి మీద కోపమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఇంకో ఎత్తు. ఈయన చెవిన నిజం పడాలి, అదీ ఆ గుళ్లోనే పడాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఏళ్లు గడిచాయి. ఇద్దరికీ తల నెరిసింది. ఒక ముసురు కాలంలో ఏసేపు మంచం పట్టాడు. దగ్గు తెరల మధ్య, "నేను పోతే గుళ్లోకి తీసకపోతారు. ఆ పొద్దన్నా లోపలికి రా, గిడ్డీ. నా పక్కన ఉండు," అన్నాడు.

"వాళ్లు చెప్తే వస్తా."

"వాళ్లు యాడ చెప్తారే."

"అయితే నువ్వు చెప్పు. మా తప్పు కాదని నువ్వన్నా చెప్పు."

ఏసేపు తల అడ్డంగా ఊపాడు. "నాకేం తెలుసే? నేను మిద్దె మీద ఉంటినా?" అన్నాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి, చచ్చేముందు కూడా ఆడలేకపోయాడు. తెల్లారేసరికి పోయాడు.

ఎడతెరిపి లేని వానలోనే పెద్దగుడికి తీసుకెళ్లారు. మూత వెయ్యని కొయ్యపెట్టెను తెచ్చి గీత దగ్గర నేల మీద దించారు. మాదిగగేరి పీనుగ అంతకంటే ముందుకు పోకూడదు కదా! పాదిరి అయ్యగారు మద్రాసు నుంచి కొత్తగా వచ్చినవాడు, పుస్తకం తెరిచి వాక్యం ఎత్తుకున్నాడు. గిడ్డమ్మ వాకిట్లో, గడప ఇవతల నిలబడింది. నిలబడి చూస్తూ ఉంది.

మొదటి చుక్క ఏసేపు మొహం మీద కప్పిన గుడ్డ మీద పడింది. తరవాత ఇంకోటి. కాసేపటికి గుడ్డ తడిసి మొహానికి అతుక్కుపోయింది, ముక్కూ పెదవులూ పైకి తేలాయి. వెనక వరసల వాళ్లు చూశారు, తలలు దించుకున్నారు. ముందు వరసల వాళ్లూ చూశారు. ఎవరూ కదల్లేదు. అయ్యగారు చదువుతూనే ఉన్నాడు.

బతికినన్నాళ్లూ వీళ్ల మాట ఆయన నెత్తిన కారింది, ఇప్పుడు నీళ్లు కూడానా? గిడ్డమ్మ గడప దాటింది. విసవిసా నడిచొచ్చి పెట్టె తలాపు పట్టుకుని బలిపీఠం వైపు లాగింది. నాపరాళ్ల మీద కొయ్య గీరుకుని గుడంతా కీచుమంది.

దావీదురాజు లేచి నిలబడ్డాడు. "గిడ్డమ్మా! ఆడనే ఆపు. హద్దు తెల్దా నీకు?"

"తెలుసప్పా. ఆ హద్దులోనుంచే కారతాండాది, చూడు." మళ్లీ లాగింది. ముసలి ప్రాణం, పెట్టె బెత్తెడు జరిగి ఆగింది. "ఎవురన్నా వచ్చి పట్టండ్రా! మీ నోళ్లు పడిపోయినాయా?"

ముందు వరసలోంచి ఒక మనిషి లేచింది. రత్నమణి. ఆమె కూడా ముసలిదైపోయింది. మొగుడు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని వచ్చి, వంగి పెట్టె కాళ్లవైపు పట్టుకుంది.

"చెయ్యి తియ్," అంది గిడ్డమ్మ. "మా తడి ముట్టవు గదా నువ్వు."

రత్నమణి తియ్యలేదు. ఇద్దరూ కలిసి పెట్టెను గీత దాటించి పొడినేల మీదికి తెచ్చారు. అక్కడ రత్నమణి నడుము నిటారుగా పెట్టి జనం వైపు తిరిగింది. మాట స్పష్టంగానే వచ్చింది.

"వాళ్ల తడిలో చెయ్యి పెట్టొద్దని మనోళ్లకు చెప్పింది నేను. కలిపేదానికి వస్తే దీని కట్టె గుంజి కిందికి పారేసింది నేను. కారేది అతుకు, దీని కొట్టుడు కాదు. మొదటి వానకే మా ఇంటాయనకు చెప్పినా. నోరెత్తొద్దన్యాడు. ఎత్తలేదు."

దావీదురాజు కూలబడ్డాడు. గిడ్డమ్మ ఇన్నేళ్లూ ఎదురుచూసిన మాట అదే. అది వినబడిన రోజు తల ఎత్తుకుని ముందు వరసలో కూచుంటానని ఎన్నిసార్లు అనుకుందో! ఇప్పుడు కాళ్లు మడిచి పెట్టె పక్కన నేల మీద కూలబడింది. తడిగుడ్డ తీసి పిండింది. పైటకొంగుతో ఏసేపు మొహం తుడిచింది, చెవులు తుడిచింది.

తరవాత తల ఎత్తకుండానే అంది.

"ఇంకా గట్టిగా చెప్పు, రత్నమణీ. ఈయప్పకు ఇనపళ్యా."

రత్నమణి గొంతు సవరించుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పింది.

"ఇంకా గట్టిగా," అంది గిడ్డమ్మ.