మెదడు నీళ్ళకు వాలు

తిరుచానూరులో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. థైరాయిడ్ ముదిరి నా కళ్ళు రెండూ ముందుకు పొడుచుకొచ్చాక అక్కడ గది అద్దెకు బేరమాడేవాళ్ళే లేకుండా పోయారు. నేను మామూలుగా చూసినా ఎదుటివాళ్ళకు మింగేసేలా చూస్తున్నట్టుండేది. "గదులు లేవండీ" అంటే చాలు, మారు మాట్లాడకుండా బ్యాగులెత్తుకొని పోయేవాళ్ళు. "మందులు వాడొద్దులేమ్మా" అన్నాడు మా మేనేజరు ఒకసారి, నవ్వకుండా.

ఒక సాయంత్రం వీధిలో పూలమ్మే ఆమెతో తగువు పెట్టుకున్నాను, వెలిసిపోయిన రోజాలు అమ్ముతోందని.

"వెలిసినాయా? యాడమ్మా? నెత్తురు మాదిరి ఉండాయి గదా!"

ఎండ పొడకు ఎడమ కన్ను మూసుకున్నాను. పూలు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. కుడిది మూసి ఎడమది తెరిస్తే, రంగుపోయిన పాత గుడ్డల్లా ఉన్నాయి. నమ్మలేక ఒకటి మార్చి ఒకటి మూస్తూ నిలబడ్డాను.

"నాకు కన్ను కొడతాండావేందమ్మా?" అని ఆమె బుట్ట వెనక్కి లాక్కుంది.

నాకు మాత్రం భయం వేసింది. కాణిపాకం దగ్గర చెరకు పండించే మా నాయనకు ఫోన్ చేస్తే మర్నాడే వచ్చాడు. ఇద్దరం తిరుపతిలో కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

"కంటి వెనక కండరాలు ఉబ్బి చూపు నరాన్ని నొక్కుతున్నాయి. ఆ నరం చుట్టూ మెదడు నీళ్ళుంటాయి. అవి కదిలిపోయే దారి కూడా ఇరుకవుతోందేమోనని అనుమానం, ఇంకా తేలలేదు" అని చెప్పి, స్టీరాయిడ్ సెలైన్లు రాసింది. తల ఎత్తులో పెట్టుకొని పడుకోమంది.

జీవితమంతా కాలవలు మళ్ళించిన మా నాయనకు నీళ్ళు, దారి, ఎత్తు అన్న మాటలే వినిపించాయి. ఆ రాత్రే నా మంచం తలవైపు కాళ్ళకింద ఇటుకలు పెట్టాడు. పొద్దున నా ఎడమ కన్ను చూసి, "వాలు సాల్లేదు" అని ఇంకో వరస పేర్చాడు. రోజూ జారిపోయి, పాదాలు గోడకు ఆనుకొని నిద్ర లేచేదాన్ని.

నాకు గది అద్దెకిచ్చిన ఇంటాయన తొంగిచూశాడు. "ఇది మంచమా, నిచ్చెనా అప్పా?"

"పాపకు మెదడులో నీళ్ళు నిలిచిపోయినాయబ్బా. పారిస్తాండా."

"పారి యాడికొస్తాయి?"

నాయన ఆలోచనలో పడ్డాడు. ఆ రాత్రి మంచం కాళ్ళవైపు ఒక బకెట్ కనిపించింది.

"ఇదెందుకు నాయనా?"

"ఉండనీమ్మా. దాని పాటికి అది ఉంటాది."

సెలైన్లతో రంగు తిరిగి రాలేదు. కంటి వెనక పల్చటి ఎముక కొంత తీసి, నరానికి చోటు చెయ్యాలన్నారు. ఆపరేషన్ రోజు వరండాలో నాయన, తన ఒక కన్ను అరచేత్తో మూసుకొని గోడమీది బోర్డు చూస్తున్నాడు. నన్ను చూడగానే చెయ్యి దించేశాడు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మను అడిగాడట, "నీళ్ళు ఎన్ని వచ్చినాయమ్మా?" అని.

"నీళ్ళు తియ్యలేదండీ. ఇరుకు తీశాం."

"గట్టు తెంచినారు. అదీ మాట!"

కొన్నాళ్ళకు ఎడమ కంటికి రంగులు చాలావరకు తిరిగొచ్చాయి. చిన్న అక్షరాలు మాత్రం ఇప్పటికీ అలికినట్టే కనిపిస్తాయి. ఇక ఇంతేనంది డాక్టరమ్మ. నాయన ఒప్పుకోలేదు.

"చెరకు కొసాకు తడి అందాలంటే టైం పడతాదిమ్మా" అని చెప్పి ఊరికి బస్సెక్కాడు.