సారు చేతి సూది

ఆ రోజు ఆఫీసులో టైపు మిషన్ ముందు కూర్చోబోయి "అమ్మో" అని లేచి నిలబడ్డాను. కుడి పిర్ర మీద ఎవరో నిప్పు పెట్టినట్టయింది. యూనివర్సిటీ ఆఫీసులో నేను టైపిస్టును. కూర్చోకుండా జరిగే పని కాదు నాది. పక్క సీటు సరోజ నవ్వి, "ఏందే, కుర్చీ కరిచిందా?" అన్నది. నేనూ నవ్వాను. నా నవ్వు ఆ రోజుతోనే సరి.

అంతకు కొద్ది రోజుల ముందు గొంతు నొప్పీ జ్వరమూ వస్తే, తార్నాకలో మా ఇంటి దగ్గరి డాక్టరు దగ్గర పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. ఆయన పేరు రాయను. రాస్తే మా వీధి వీధంతా నా మీదికి వస్తుంది. ఆయన హస్తవాసి అంటే మావాళ్ళకు అంత గురి. హస్తవాసి! ఆ మాట వింటేనే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన దవాఖానాలో పద్ధతి ఏమిటో చెబుతాను. ముందు గదిలో కాంపౌండరు స్టవ్వు మీద గిన్నె పెట్టి సిరంజిలు మరగబెడుతుంటాడు. లోపల డాక్టరు దగ్గర మాత్రం ఒకటే గాజు సిరంజి, ఒకటే సూది. ఒకరికి పొడవడం, స్పిరిట్ దూదితో తుడవడం, ఇంకొకరికి పొడవడం. కాంపౌండరు వేస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. "మాకు సారు చేతి సూదే కావాలె" అని బారు కడతారు. మరగబెట్టినవి గిన్నెలోనే చల్లారిపోతాయి. డాక్టరుకూ అదే గొప్ప. "ఈ సిరంజి ఇన్నేండ్ల సంది నా చేతిల ఉన్నది. ఎవ్వరికన్న ఏమన్న అయిందా?" అని దాన్ని ఎత్తి చూపిస్తాడు.

జ్వరంతో వెళ్ళిన రోజు నేను కాంపౌండరు వైపు నడవబోతే, వెంట వచ్చిన మా అత్తమ్మ రెక్క పట్టుకుని లాగింది. "గాడికెందుకు పోతున్నవ్ పిల్లా? సారుతోనే వేయించుకో. ఆయన చెయ్యి పడితే సగం రోగం పోతది."

నా ముందు వేయించుకున్న మనిషికి తొడ మీద చీముపట్టిన గడ్డ. నేను చూస్తుండగానే డాక్టరు ఆ సూదినే తుడిచి, నాకోసం మందు నింపాడు.

"సార్, మరగబెట్టరా?" అని అడిగాను.

"స్పిరిట్ పెట్టిన గద బిడ్డా. చదువుకున్నోళ్ళకు అన్నీ అనుమానాలే" అని నవ్వాడు. బారులో ఉన్నవాళ్ళూ నవ్వారు. అత్తమ్మ సిగ్గుతో నన్ను గిల్లింది.

వాపు వచ్చాక మళ్ళీ వెళితే ఆయన తాకి కూడా చూడలేదు. "ఒంట్లో వేడి. ఉప్పు కాపడం పెట్టు. ఇంకోటి ఎడమ పక్క వేస్త" అన్నాడు. నేను ఛస్తే వేయించుకోనన్నాను. కాపడం పెట్టిన కొద్దీ గడ్డ రాయిలా గట్టిపడింది. చలిజ్వరం పట్టుకుంది. కుడి కాలు నేల మీద పెట్టలేకపోయాను. మా ఆయన మెట్టుగూడలో రైల్వే పని నుంచి పరుగున వచ్చి, రిక్షాలో పడుకోబెట్టి సికింద్రాబాదులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి లేడీ సర్జన్‌ది కోస్తా వైపు మాట. గడ్డను నొక్కి చూసి, "ఇంజెక్షన్ ఎక్కడ వేయించుకున్నావమ్మా?" అని అడిగింది.

"తార్నాకలోనండీ."

ఆమె నర్సు వైపు తిరిగింది. "మళ్ళీ తార్నాకేనా!" అని నుదురు కొట్టుకుంది. "ఇది ఇంజెక్షన్ యాబ్సెస్, సూది వల్ల పట్టిన చీముగడ్డ. బాగా లోతుకు పోయింది. పక్కనే కాలికి పోయే నరం ఉంది. ఇవాళే కొయ్యాలి."

కోశారు. చీము ఎంత వచ్చిందో నేను చూడలేదు, మా ఆయన చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ తర్వాత రోజూ డ్రెస్సింగు. గాయంలో కుక్కిన పట్టీ గుడ్డను లాగుతుంటే పళ్ళబిగువున ఆ డాక్టరును తిట్టని తిట్టు లేదు. తగ్గుతోంది అనుకుంటుండగా మళ్ళీ జ్వరం. లోపల ఇంకో చీము సంచి ఉందన్నారు. మళ్ళీ కోశారు.

ఒక ఉదయం రౌండుకు వచ్చి, "పాదం పైకి ఎత్తమ్మా" అన్నది సర్జన్. ఎత్తాననే అనుకున్నాను. చూస్తే పాదం ఉన్నచోటే వేలాడుతోంది. బొటనవేలు కూడా కదల్లేదు.

"ఫుట్ డ్రాప్. నరం దెబ్బతింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. నీకు అబద్ధం చెప్పను."

నాకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. తార్నాక నుంచి క్యాంపస్‌లో ఆఫీసు దాకా రోజూ నడిచిపోయేదాన్ని, ఆ నడకంటే నాకు ఇష్టం. దుప్పటి మొహం మీద కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తమ్మ పక్కన కూర్చుని, "సారు మంచోడే. నువ్వే జ్వరంల మామిడికాయ తొక్కు తిన్నవ్" అన్నది. "ఇంకొక్క మాట అంటే నేను మనిషిని కాను" అని వార్డంతా వినపడేలా అరిచాను. ఆమె ఆ రోజుకు లేచిపోయింది.

డిశ్చార్జ్ అయ్యాక, కాలికి పట్టీ చెప్పు కట్టుకుని, ముందుగా ఆ దవాఖానాకే వెళ్ళాను. బారు ఎప్పటిలాగే ఉంది.

"చూడండి సార్, మీ స్పిరిట్ చేసిన పని" అని కాలు చూపించాను.

"నీకు షుగర్ ఉన్నదేమో. పరీక్ష చేయించుకో."

"చేశారు. లేదు."

"గట్లయితే ఖర్మ. నేనేం జేయాలె?"

"సూది మరగబెట్టాలి. అంతే."

బారులో ఒకామె కొంగు నడుముకు దోపుకుని నా మీదికి వచ్చింది. "ఏందమ్మా, సారును గంత మాటంటవా? దేవునసొంటి మనిషిని!" మిగతావాళ్ళు కూడా తలోమాట అన్నారు. డాక్టరు దూదితో ఆ సూదిని తుడిచి, "రా బిడ్డా" అని ఆమెనే పిలిచాడు. ఆమె వెళ్ళి చెయ్యి చాపింది.

వ్యాయామాలు చేయగా చేయగా పాదం కొంత వచ్చింది. పూర్తిగా రాలేదు. మళ్ళీ ఆఫీసుకు వెళుతున్నాను. క్యాంపస్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు చెప్పు నేలకు రాసుకుంటుంది. ఆ చప్పుడుకు సరోజ నేను రాకముందే నా కుర్చీ మీద మెత్త సర్దిపెడుతుంది. మా వీధిలో మాత్రం నేను మళ్ళీ నడుస్తున్నది ఆ డాక్టరు హస్తవాసి వల్లనేనట! "మొదట సారు సూది పడ్డది గనక పానం నిలిచింది" అని అత్తమ్మే నలుగురికీ చెబుతున్నది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ఏ డాక్టరు దగ్గరైనా సరే, సిరంజీ సూదీ మరగడం మీ కళ్ళతో చూసిన తర్వాతే ఒళ్ళు అప్పగించండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. డాక్టరు అలుగుతాడు, అలగనివ్వండి. లేచి ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. డాక్టర్లు ఇంకొకరు దొరుకుతారు. నా కాలు నాకు ఇంకొకటి దొరకలేదు.