కూలర్ ఆపమనే అంకుల్

మే నెల ఎండల్లో ఒక సోమవారం. గుర్‌గావ్‌లో మా ఆఫీసు మీటింగ్ మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. మా కింది ఫ్లాట్ అంకుల్ వాళ్ల అమ్మాయి. నోయిడాలో ఉంటుంది. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే వస్తుంది ఆ పిల్లకి. "దీదీ, పాపా నహీఁ రహే" అంది. నాన్న ఇక లేరని. పొద్దున్నే టీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారట. పాలవాడు పిలిస్తే పలకలేదట. అంతకు ముందు శనివారమే నాతో పాటు మూడంతస్తులు ఎక్కి, నా కొత్త లైటు స్టాండు చూసి, "ఇది గాలికి పడతాది, వాపస్ ఇచ్చెయ్" అని దిగిపోయిన మనిషి. నేను లాప్‌టాప్ మూసేసి, పదిమంది చూస్తుండగానే ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. ఆయన పేరు ఏ సినిమా టైటిళ్లలోనూ రాలేదు. నేను తీసిన ఒకే ఒక్క ఇరవై నిమిషాల డాక్యుమెంటరీలో వేస్తానంటే కూడా ఒప్పుకోలేదు. "నా పేరు ఎవరికి కావాల? కింది ఫ్లాట్ అంకుల్ అని వెయ్యి, సాలు" అన్నారు. అలాగే వేశాను. ఇక్కడ కూడా ఆయన మాట దాటను.

ఆయనది కడప వైపు. సైన్యంలో వైర్‌లెస్ సెట్ల మీద పనిచేసి రిటైరై, తర్వాత నోయిడాలో ఒక స్టూడియోలో సౌండ్ విభాగంలో చేశారు. నేను వసంత్ కుంజ్‌లో ఆ బిల్డింగులోకి వచ్చేనాటికి అదీ మానేసి, ఆంటీతో కలిసి కింది ఫ్లాట్‌లో హాయిగా ఉండేవారు. హాయిగా అని నేను అంటున్నాను. ఆంటీ మాత్రం, "ఈయనకు సద్దు పడదు, నాకు సద్దు లేకపోతే పడదు, అట్లా గడుస్తాంది" అనేది.

నాకు సినిమా పిచ్చి ఎప్పటినుంచో ఉంది. రెండేళ్ల బోనసు దాచి, ఒక ఆదివారం చాందినీ చౌక్ వెళ్లి కెమెరా కొనేశాను. ఇంటర్నెట్‌లో కుర్రాళ్లు చెప్పిన లెన్సు కూడా తెచ్చుకున్నాను. తగ్గింపులో వచ్చిందని మణుగు బరువున్న ఇనుప ట్రైపాడ్ ఒకటి. అన్నీ మోసుకుని రొప్పుతూ మెట్లెక్కుతుంటే కింది తలుపు తెరుచుకుంది.

"ఏమ్మా, ఏం తెస్తివి?" అన్నారాయన.

గర్వంగా పెట్టె చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశారు. "అచ్ఛా. కన్ను కొంటివి, బాగుండాది. చెవి యాడ?"

"చెవి ఎందుకంకుల్? మైక్ కెమెరాలోనే ఉంటుంది."

ఆయన నవ్వలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "ఠీక్ హై. ఈ సామానంతా తీసుకుని డాబా మీదికి రెండుసార్లు ఎక్కి దిగు. దిగినాక టీ తాగుదాం" అన్నారు. పెద్దాయన కదా అని ఎక్కాను. మొదటిసారి ఎలాగో అయింది. రెండోసారి ట్రైపాడ్‌ని రెండో అంతస్తులో గోడకి ఆనించి వదిలేశాను. ఆయన కిందనుంచే అరిచారు. "ఆడ వదిలిపెడ్తివి సూడు, దాన్ని రేపే వాపస్ ఇచ్చేసిరా. నువ్వు మొయ్యలేని సామాను ఇంట్లోనే పండుకుంటాది."

ఆ మెట్ల పరీక్ష ఆయన ప్రతి వస్తువుకీ పెట్టేవారు. నా స్నేహితులు ఎవరైనా కెమెరా కొనాలని వస్తే, ఏ కంపెనీ, ఎంత ధర అని అడిగేవారు కాదు. ఏం తీయాలనుకుంటున్నావు, ఎక్కడ తీస్తావు, నీతో ఎవరు వస్తారు, ఇవే అడిగేవారు. ఒంటరిగా తీసేవాళ్లకి ఒక సలహా, ఇద్దరున్నవాళ్లకి ఇంకో సలహా. కొనాలనుకున్నది ముందు మూడు రోజులు అద్దెకు తెచ్చుకోమనేవారు. మూడో రోజు కూడా దానిమీద మోజు ఉంటే అప్పుడు చూద్దాం అనేవారు. నాకు తెలిసి ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మంది తమ ఫోనుతోనే వెనక్కి వెళ్లి, మంచి మైకూ హెడ్‌ఫోన్లూ మాత్రం కొనుక్కున్నారు. వాళ్లలో ఒకరిద్దరు నిజంగా సినిమాలు పూర్తి చేశారు. కెమెరా కొన్న నాకు మాత్రం రెండేళ్లు పట్టింది.

ఆయన స్టూడియో అంటే నల్లటి మిలిటరీ ట్రంకు పెట్టె, దాంట్లో ఆరు రజాయిలు. ఢిల్లీ చలికి కప్పుకునే దూది రజాయిలే. ఏ గదిలోనైనా మాట మోగుతోందంటే వాటిని తలుపులకీ అల్మరాలకీ వేలాడదీసేవారు. సరోజినీ నగర్‌లో తెచ్చిన నల్లగుడ్డ కిటికీకి కట్టేవారు. మాట్లాడేవాళ్లు కలరా ఉండల వాసనకి తుమ్మేవారు, అదొక్కటే ఇబ్బంది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నేను గొంతు తగ్గించి మాట్లాడతాను.

ఇక ఆయన నిమిషం సంగతి చెప్పాలి. షూటింగ్ అయిపోగానే ఫ్యాను, కూలర్, ఫ్రిజ్, అన్నీ ఆపించి, అందరినీ ఉన్నచోటే నిలబెట్టి, ఒక్క నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయించేవారు. "ఒక్కో గదికి ఒక్కో సద్దు ఉంటాదమ్మా. మాటలు కోసి అతికిస్తే మధ్యన గుంతలు పడతాయి. ఆ గది సద్దుతోనే పూడ్చుకోవాల. వేరే గది మట్టి పనికిరాదు." మొదటిసారి ఆ నిమిషంలో నాకు నవ్వాగలేదు. మళ్లీ మొదటినుంచి. మళ్లీ నవ్వాను. మూడోసారి ఆంటీకి కూడా నవ్వొచ్చింది. ఆయన మాత్రం గడియారం చూస్తూ, శ్వాస కూడా లెక్కపెట్టి తీస్తున్నట్టు నిలబడ్డారు. ఆపిన ఫ్రిజ్‌ని మళ్లీ వేయడం మర్చిపోకుండా, ఆపగానే తన స్కూటర్ తాళం దాంట్లో పెట్టేవారు. బయటికెళ్లాలంటే ఫ్రిజ్ తెరవాల్సిందే కదా. "మా ఇంట్లో తాళాలు పెరుగు గిన్నె పక్కనే ఉంటాయి తల్లీ" అని ఆంటీ ప్రతిసారీ నాతో చెప్పుకునేది.

నా డాక్యుమెంటరీ ఆంటీలాంటి వాళ్ల గురించే. హిందీ ముక్క రాకుండా భర్త వెంట ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్సుకి వచ్చి, ఆయన బోర్డర్‌కి వెళ్లిపోతే ఒంటరిగా బతుకు నేర్చుకున్న తెలుగు ఆడవాళ్లు. ఆంటీయే ముఖ్యం నాకు. అంకుల్ బంధువుల పెళ్లికి కడప వెళుతూ గట్టిగా చెప్పారు. "నేనొచ్చినాక చేద్దాం. మంచి మైకు తెస్తా. తొందరపడొద్దు."

తొందరపడ్డాను. ఒక పోటీకి పంపే గడువు దగ్గరికొచ్చింది. పైగా ఆంటీ కూడా, "ఆయప్ప లేనప్పుడే రామ్మా, ఉంటే నా నోటికి అన్నీ రావు" అంది. జూన్ మధ్యాహ్నం. గోడలు కాలుతున్నాయి. కూలర్ ఆపబోతే, "ఆపితే సచ్చిపోతాం, ఉండనీ" అంది. ఉండనిచ్చాను. మోత తీసేసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉంటుందిలే అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషికి సాఫ్ట్‌వేర్ మీద అంత నమ్మకం ఉండకూడదు.

గంటసేపు మాట్లాడింది. క్వార్టర్‌లో చంటిపిల్లతో ఒక్కతే, వారాల తరబడి ఆయన కబురు లేదు, పక్కింటి పంజాబీ ఆవిడ చేతి సైగలతో ధైర్యం చెప్పేది. ఉప్పు అడగడానికి మాట రాక ఖాళీ డబ్బా తీసుకుని వెళ్లేదట. చివర్లో పక్కకి తిరిగి, కొంగుతో కళ్లొత్తుకుంటూ, నవ్వుతూ, ఆయన గురించి ఏదో ఒక మాట అంది. నేను ఫోకస్ పోతోందని తెర మీద కళ్లు పెట్టి ఉన్నాను. వినలేదు. అంతా అయ్యాక ఖాళీ గది నిమిషం కూడా రికార్డు చేయలేదు.

ఆగస్టులో ఆంటీకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. దీపావళి చూడకుండానే వెళ్లిపోయింది.

అప్పటికే ఆ రికార్డింగ్ నేను వినీ వినీ ఉన్నాను. మాట వెనక్కి, మోత ముందుకి. పోటీకి పంపలేకపోయాను. అన్ని నెలలూ అంకుల్‌కి కనపడకుండా తిరిగాను. కర్మ అయిన రెండు రోజులకి ఆయనే పైకి వచ్చారు. "ఆమె మాట్లాడింది నీ దగ్గర ఉండాది కదా. వినిపిస్తావా?" అన్నారు. అంతకన్నా భయపడింది నా జీవితంలో లేదు. ఒక భార్య గొంతు ప్రపంచంలో ఒక్కచోటే మిగిలింది, దాన్ని నేను పాడుచేశాను. గొంతుల పని చేసిన మనిషి ముందు నిలబడి ఆ సంగతి చెప్పాలి.

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటా విన్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాను. హెడ్‌ఫోన్లు తీసి, "కూలర్ బాగా పనిచేస్తాండాది" అన్నారు. నేను భోరుమన్నాను. క్షమించమన్నాను. మీరు చెప్పినా వినలేదన్నాను.

"ఏడవాకమ్మా. ఆ కూలర్ గూడా మా ఇంటిదే కదా. ముప్పై ఏండ్లు ఆమె నాతో ఆ మోతలోనే మాట్లాడె. నాకు ఇనపడలేదా?"

ఆ తర్వాత మూడు నెలలు, నా శని ఆదివారాలన్నీ కింది ఫ్లాట్‌లోనే. ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చుని ఆంటీ గొంతును కొంచెం కొంచెంగా బయటికి తీశాం. ఆ మూడు నెలల్లో ఆయన నాకు నేర్పింది ఏ కోర్సులోనూ దొరకదు. నేను ఆత్రంగా మోతంతా ఊడ్చేయబోతే చెయ్యి పట్టుకునేవారు. "ఎక్కువ కడిగితే మనిషి గూడా కొట్టుకుపోతాది. ఎంత ఉంచాలనో సూసుకోవాల." నిజంగానే, మోత బాగా తీసేస్తే ఆంటీ డబ్బాలోంచి మాట్లాడినట్టుండేది. కొంత మోత ఉంచితే మళ్లీ ఆంటీ అయ్యేది. ఒక్కో వాక్యం తేలినప్పుడు ఆయన గట్టిగా "హాఁ" అనేవారు. భార్య పోయిన మనిషి, ఆ గొంతే రోజుకి వందసార్లు వింటూ, ఒక్కసారి కూడా నా మీద విసుక్కోలేదు. అంత పెద్ద మనసు నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్నీ తేలాయి, ఆ చివరి మాట తప్ప. అది కూలర్‌లోనే ఉండిపోయింది. కోసేద్దామన్నాను. వద్దన్నారు. "పోనీ, మీకు అర్థమైందా అంకుల్, ఏమందో?" అని అడిగాను.

"అయింది" అన్నారు. ఏమిటో చెప్పలేదు. "ఆడ తెర కింద ఇంగ్లీషులో మాటలేమీ రాయొద్దు. అట్లే ఉండనీ."

నలభై కుర్చీలున్న చిన్న హాల్లో సినిమా వేశాం. ఆ చోటు వచ్చేసరికి జనం అందరూ ఏమిటన్నట్టు ముందుకి వంగారు. అంకుల్ ఒక్కరే వెనక్కి వాలి, కళ్లు మూసుకుని ఉన్నారు.

కూతురు ఏసీ పెట్టిస్తానని ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ప్రతి ఎండాకాలం కూలర్ పక్కల గడ్డి మాత్రం తన చేత్తో మార్చేవారు. మోటర్ మార్చనిచ్చేవారు కాదు. "మోటర్ మారిస్తే మోత మారతాది" అన్నారు నాతో ఒకసారి, స్పానర్ తుడుచుకుంటూ. ఈసారి కూడా పోవడానికి వారం ముందే గడ్డి మార్చారు.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి ఫ్లాట్ ఖాళీ చేస్తుంటే సాయానికి దిగాను. రజాయిలు నన్ను తీసుకోమంది. "దీదీ, కబాడీవాలా ఆ రహా హై. కూలర్ భీ దే దూఁ?" అని అడిగింది. పాత సామాన్లవాడు వస్తున్నాడు, కూలర్ కూడా ఇచ్చేయనా అని. ఎండకి తట్టుకోలేక అప్పుడది వేసే ఉంది. ఒక్క నిమిషం ఆగమని పైకి వెళ్లి మైకూ రికార్డరూ తెచ్చాను. ఎందుకో చెప్పాను. తల ఊపింది.

ఫ్యాను ఆపాను. ఫ్రిజ్ ఆపి, నా స్కూటీ తాళం లోపల పెట్టాను. అలవాటుగా చెయ్యి కూలర్ స్విచ్ దాకా వెళ్లింది. ఆపలేదు. "కదలకు" అని చెప్పి బటన్ నొక్కాను. ఆ అమ్మాయి ట్రంకు పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

నిమిషం అయింది. నా వేలు మళ్లీ బటన్ మీదికి వెళుతుంటే, చాలా మెల్లగా, "ఇంకో నిమిషం ఉంచక్కా" అంది. తెలుగులో.

నేను వేలు తీసేశాను. కొత్త గడ్డిలోంచి నీళ్లు కారుతున్నాయి, పాత మోటర్ గడగడమంటోంది, రికార్డర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.